నూరు గొంతులు కలిసేదెలా?

ఒకే స్వరాన్ని ఇద్దరు మనుషులు అచ్చంగా ఒకేలా పాడటం జరగని పని. ఎన్నేళ్లు సాధన చేసినా ఒకరి గొంతులోని పౌనఃపున్యానికీ రెండోవారి దానికీ ఎంతో కొంత తేడా ఉండి తీరుతుంది. ఆ తేడా స్థిరంగా కూడా ఉండదు, క్షణక్షణమూ మారుతూ ఉంటుంది. అలాంటప్పుడు నూట డెబ్భై మందికి పైగా వరసల్లో నిలబడి ఒక్కసారిగా గొంతెత్తితే ఏం వినపడాలి? వాళ్లలో సంగీతమే చదువుగా ఎంచుకున్నవాళ్లు కొందరే. మిగతావాళ్లలో రసాయనశాస్త్రం చదివే కుర్రవాడు ఉంటాడు, బడిలో పాఠాలు చెప్పి రిటైరైన డెబ్భై ఏళ్ల ఆవిడ ఉంటుంది, పగలంతా ఆస్పత్రి డ్యూటీ చేసి తిన్నగా రిహార్సల్‌కి వచ్చిన నర్సు ఉంటుంది. లెక్క ప్రకారం సంత గోల వినపడాలి. వినపడేది మాత్రం నిండైన, మెత్తని నాదం. ఎంత గొప్ప గాయకుడైనా ఒక్కడే పాడితే రాని నాదం.

ఇది ఎలా సాధ్యమో చూద్దాం. నా మట్టుకు నాకు జవాబు రెండుచోట్ల కనపడుతుంది. ఒకటి, గొంతుల మధ్య ఎప్పటికీ మిగిలిపోయే ఆ చిన్న తేడాల్లో. రెండోది, పాడుతూనే పక్కవాళ్లను వినగలిగే మనిషి చెవిలో. బృందగానం ఇంతకాలంగా ఔత్సాహికుల చేతుల్లో వర్ధిల్లడానికి కూడా ఈ రెండే కారణాలని నా నమ్మకం.

ఆన్ ఆర్బర్, 1879

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్ ఒక విశ్వవిద్యాలయ పట్టణం. మిషిగన్ విశ్వవిద్యాలయం పేరు మన విద్యార్థులకు కొత్త కాదు. 1879లో ఆ ఊరి చర్చిల్లో పాడేవాళ్లు, విశ్వవిద్యాలయానికి చెందినవాళ్లు కొందరు కలిసి హాండెల్ ‘మెసయ్యా’లోని బృందగానాలు నేర్చుకోవడం మొదలుపెట్టారు. వాళ్లను కూడగట్టిన హెన్రీ సిమ్మన్స్ ఫ్రీజ్ సంగీతం ప్రొఫెసర్ కాదు, లాటిన్ ప్రొఫెసర్. పాట నడిపించినవాడు కాల్విన్ కేడీ. బృందానికి కోరల్ యూనియన్ అని పేరు పెట్టుకుని ఆ డిసెంబరులోనే తొలి ప్రదర్శన ఇచ్చారు. మరుసటి ఏడాది, ఈ బృందం ఆధారంగానే యూనివర్సిటీ మ్యూజికల్ సొసైటీ ఏర్పడింది. ప్రపంచంలోని పెద్ద పెద్ద వాద్యబృందాలను ఆన్ ఆర్బర్‌కు రప్పించే కచేరీ సంస్థ అది. దాని పునాదిలో ఉన్నది మాత్రం సాయంత్రాలు కూడి పాడుకున్న ఊరివాళ్లు, విద్యార్థులు.

కోరల్ యూనియన్ ఇప్పటికీ ఉంది. విద్యార్థులు, అధ్యాపకులు, ఉద్యోగులు, చుట్టుపక్కల ఊళ్ల జనం, అందరూ కలిపి సుమారు 175 మంది. చేరేముందు గొంతు పరీక్ష ఉంటుంది. చాలా విశ్వవిద్యాలయాల్లో ఆ పరీక్ష కూడా లేని బృందాలు ఉన్నాయి. వచ్చి నిలబడి పాడటమే అర్హత. కోరల్ యూనియన్ పాడేది హిల్ ఆడిటోరియంలో. ఆర్థర్ హిల్ అనే పూర్వ విద్యార్థి తన వీలునామాలో 2 లక్షల డాలర్లు రాసిస్తే 1913లో అది తయారైంది. వాస్తుశిల్పి ఆల్బర్ట్ కాన్, ధ్వని లెక్కలు హ్యూ టాలంట్‌వి. వేదిక దగ్గర పుట్టిన శబ్దం చెదిరిపోకుండా చివరి వరసదాకా చేరేలా గోడలనూ పైకప్పునూ పారాబోలా ఆకారంలో వంచి కట్టారు. విలియం బ్లేక్ కవితలకు విలియం బోల్కమ్ కట్టిన భారీ సంగీతాన్ని 2004లో ఆ హాల్లోనే రికార్డు చేశారు. కోరల్ యూనియన్ కూడా గొంతు కలిపిన ఆ రికార్డుకు 2006లో ఉత్తమ బృందగానం విభాగంలో గ్రామీ బహుమతి దక్కింది. పగలు వేరే పనులు చేసుకునే మనుషులు ఉన్న బృందానికి ఆ బహుమతి రావడం నాకు చాలా సంతోషం కలిగించే విషయం. అదెలా వీలైందో తెలియాలంటే గొంతులోకి వెళ్లాలి.

గొంతు లెక్కలు

స్వరపేటికలో రెండు స్వరతంత్రులు ఉంటాయి. పేరు తంత్రులే గాని నిజానికి అవి కండరం మీద మెత్తని పొర కప్పిన రెండు మడతలు. ఆడవాళ్లలో పొడవు సుమారు ఒకటింబావు నుంచి ఒకటిముప్పావు సెంటీమీటర్లు, మగవాళ్లలో ఒకటిముప్పావు నుంచి రెండున్నర. ఊపిరితిత్తుల్లోంచి వచ్చే గాలి వాటిని తోసుకుని తెరుస్తుంది, అవి మళ్లీ మూసుకుంటాయి. సెకనుకు 440 సార్లు తెరుచుకుని మూసుకుంటే 440 హెర్ట్‌జ్ స్వరం. పాశ్చాత్య వాద్యాలను శ్రుతి చేసుకునే ప్రమాణ స్వరం అదే.

స్వరతంత్రుల్లోంచి వచ్చేది ఒకే పౌనఃపున్యం కాదు. 440తో పాటు 880, 1320, 1760, ఇలా మూల స్వరానికి రెట్లయిన అనుస్వరాలన్నీ వరసగా పుడతాయి. గొంతు, నోరు, పెదవులు కలిసి ఒక గొట్టంలా పనిచేసి వాటిలో కొన్నిటిని అనునాదంతో పెంచుతాయి, కొన్నిటిని అణచివేస్తాయి. నాలుకా దవడా కదిలితే గొట్టం ఆకారం మారుతుంది, పెరిగే అనుస్వరాలూ మారతాయి. మనం ‘ఆ’ అనీ ‘ఈ’ అనీ పోల్చుకునేది ఈ తేడానే.

పాశ్చాత్య బృందగానంలో, అంటే కోయిర్‌లో, గొంతులను నాలుగు భాగాలు చేస్తారు. ఆడవాళ్లలో పై గొంతులు సొప్రానో, కింది గొంతులు ఆల్టో. మగవాళ్లలో పై గొంతులు టెనర్, కింది గొంతులు బేస్. బేస్ గొంతు 80 హెర్ట్‌జ్ దగ్గర మొదలైతే, సొప్రానో 1000 హెర్ట్‌జ్ దగ్గరకు వెళ్తుంది. నాలుగు భాగాలకూ నాలుగు వేరువేరు వరసలు. ఒకే క్షణంలో నాలుగు స్వరాలు మోగుతూ ఉంటాయి. మన భజనల్లో, గోష్ఠిగానంలో అందరిదీ ఒకే వరస. ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య స్థాయి తేడా ఉంటుందంతే.

విద్యార్థులూ ఊరివాళ్లూ కలిసి పాడటంలో సంగీతపరంగా ఒక లాభం ఉంది. బాగా కిందికి దిగే మగ గొంతు నిండుగా తయారవడానికి ఇరవైల చివరిదాకా పడుతుంది. అందుకే విద్యార్థులు మాత్రమే ఉన్న బృందంలో బేస్ తరచు పలుచగా ఉంటుంది. నలభై, యాభై ఏళ్ల పొరుగువాళ్లు వచ్చి నిలబడితే ఆ కొరత తీరుతుంది. వయసు మళ్లేకొద్దీ ఆడవాళ్ల గొంతు కాస్త కిందికి దిగుతుంది, మగవాళ్లది కాస్త పైకి వెళ్తుంది. ఒకప్పటి సొప్రానో ఆల్టోలో చేరవచ్చు. పాట మానుకోవలసిన అవసరం లేదు.

ఎక్కువమంది అంటే ఎక్కువ చప్పుడా?

నూరుమంది పాడితే నూరు రెట్లు చప్పుడు వస్తుందని అనుకుంటాం. చెవి అలా లెక్కపెట్టదు. సమానంగా పాడే గొంతుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ ధ్వని 3 డెసిబెల్స్ పెరుగుతుంది. ఒక్కరు నుంచి పదిమందికి 10 డెసిబెల్స్, పదిమంది నుంచి నూరుమందికి మరో 10. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి సుమారు రెట్టింపు చప్పుడుగా తోస్తుంది. అంటే నూరుమంది బృందం ఒక్క గొంతుకన్నా నాలుగు రెట్లు గట్టిగా ఉన్నట్టు అనిపిస్తుంది, అంతే. అక్కడినుంచి మరో నూరుమందిని తెచ్చి నిలబెట్టినా పెరిగేది మూడే డెసిబెల్స్.

కాబట్టి బృందగానం బలం చప్పుడులో లేదు, నాదం స్వభావంలో ఉంది. అది అర్థం కావాలంటే విస్పందనాల గురించి తెలియాలి. 440 హెర్ట్‌జ్‌తో ఒకటి, 443తో ఒకటి, రెండు గొంతులు మోగాయనుకోండి. రెండు తరంగాలూ సెకనుకు మూడుసార్లు కలుస్తాయి, మూడుసార్లు ఎదురుపడి ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. చెవికి స్వరం సెకనుకు మూడుసార్లు పెరిగి తగ్గినట్టు వినపడుతుంది. వీణ శ్రుతి చేసేవాళ్లు ఈ ఊగిసలాట మాయమయ్యేదాకా బిరడా తిప్పుతారు.

ఇద్దరు పాడితే ఈ ఊగిసలాట క్రమంగా, స్పష్టంగా, చిరాకుగా ఉంటుంది. ముగ్గురైతే మూడు జతలు, మూడు వేగాలు; క్రమం చెదురుతుంది. ఒక్కో వరసకు ఇద్దరికంటే ముగ్గురు మేలని బృంద నిర్వాహకులు అనుభవంతో చెప్పే మాట వెనక ఉన్న భౌతికశాస్త్రం ఇదే. ఒక భాగంలో నలభైమంది ఉంటే ఏడు వందల ఎనభై జతలు. అనుస్వరాల దగ్గరకు వెళ్తే తేడా ఇంకా పెరుగుతుంది. మూల స్వరంలో 3 హెర్ట్‌జ్ ఉన్న తేడా పదో అనుస్వరంలో 30 అవుతుంది. అంటే నాదంలోని ఒక్కో పొర ఒక్కో వేగంతో అదురుతుంది. ఏ క్రమమూ మిగలదు. మెదడు ఆ అదురులో విడి గొంతులను వెతకడం మానేసి మొత్తాన్ని ఒకే పెద్ద నాదంగా తీసుకుంటుంది. కోయిర్ నాదంలో వినపడే మెరుపు అదే. ఎలక్ట్రానిక్ కీబోర్డులోనూ గిటారు పెడల్లోనూ ‘కోరస్’ అని ఒక మీట ఉంటుంది. అది చేసేది ఇంతే: ఒకే ధ్వనికి కొద్దిగా శ్రుతి తప్పిన నకళ్లు కలుపుతుంది.

తేడా ఎంత ఉండాలన్నదే అసలు ప్రశ్న. పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరాన్ని నూరు సెంట్లుగా భాగిస్తారు. మంచి బృందాల్లో ఒకే వరస పాడేవాళ్ల మధ్య చెదురు పది, ఇరవై సెంట్ల మధ్య ఉంటుంది. దాన్ని మించితే అపశ్రుతి వినపడుతుంది. తేడా పూర్తిగా పోతే ఒకే గొంతును పెద్దది చేసి వినిపించినట్టు ఉంటుంది, కోయిర్‌లా ఉండదు. ఔత్సాహికులు ఉండటం బృందానికి లోటు కాదని నేను అనడానికి ఇది మొదటి ఆధారం. కొద్దిపాటి తేడా ఆ నాదానికి ముడిసరుకు.

శ్రుతి జారడం

వాద్యం తోడు లేకుండా పాడే బృందం పాట ముగిసేసరికి మొదలుపెట్టిన శ్రుతికన్నా కిందికి జారిపోవడం ప్రతి కోయిర్‌కూ తెలిసిన బాధ. అలసట, ఊపిరి చాలకపోవడం, కిందికి దిగే స్వరాలను అవసరానికి మించి దించడం, ఇవన్నీ కారణాలే. వీటికి తోడు ఎవరి తప్పూ లేని కారణం ఒకటి ఉంది, అది లెక్కల్లోనే దాగి ఉంది.

షడ్జమ పంచమాల పౌనఃపున్యాల నిష్పత్తి 2:3. షడ్జమానికీ అంతర గాంధారానికీ మధ్య శుద్ధమైన నిష్పత్తి 4:5. చెవి ఈ నిష్పత్తులనే కోరుకుంటుంది, ఎందుకంటే అనుస్వరాలు ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడి విస్పందనాలు ఆగిపోతాయి. ఇప్పుడు షడ్జమం నుంచి నాలుగుసార్లు పంచమం మీద పంచమంగా ఎక్కి, రెండు స్థాయిలు దిగండి. చేరేది గాంధారానికే, కాని అసలు గాంధారానికి కాదు. 81:80 నిష్పత్తిలో, అంటే దాదాపు 22 సెంట్లు పైన ఉన్న మరో గాంధారానికి. ప్రతి మెట్టునూ శుద్ధంగా పాడే బృందం ఇలాంటి మలుపుల దగ్గర ఎక్కడో ఒకచోట ఈ తేడాను మింగాలి. 16వ శతాబ్దంలో ఇటలీ గణితజ్ఞుడు జాంబాతిస్తా బెనెదెత్తి దీన్ని లెక్కకట్టి చూపించాడు: కొన్ని స్వరపంక్తులను శుద్ధంగా పదేపదే పాడితే ప్రతి ఆవృత్తికీ శ్రుతి అంతంత చొప్పున జరుగుతూ పోతుంది.

భరతుడి నాట్యశాస్త్రంలో రెండు వీణల ప్రయోగం ఉంది. ఒకేలా శ్రుతి చేసిన రెండు వీణల్లో ఒకదాని పంచమాన్ని కాస్త దించి, వచ్చిన తేడాను ప్రమాణశ్రుతి అన్నాడు. సంగీత పండితులు దాన్ని లెక్కగట్టేది 81:80గానే. మన గాయకుడికి ఈ తేడా ఇబ్బంది పెట్టదు. వెనక తంబురా షడ్జమ పంచమాలను ఆపకుండా మోగిస్తూ గొంతును ఎక్కడికీ జారనివ్వదు. కోయిర్‌కు తంబురా లేదు. ఆ పనిని ఒకరి గొంతుకు ఇంకొకరి గొంతే చేయాలి. అందుకే బృందంలో పాడటం నేర్చుకోవడమంటే సగానికి పైగా వినడం నేర్చుకోవడమే.

తన గొంతు, పక్కవాళ్ల గొంతు

మన గొంతు మనకు రెండు దారుల్లో వినపడుతుంది. ఒకటి గాలిలోంచి, ఇంకొకటి పుర్రె ఎముకలోంచి. రెండు దారుల వాటా దాదాపు సమానమని 1949లో గియోర్గ్ ఫాన్ బెకెషీ కొలిచి చూపించాడు. చెవి లోపలి నిర్మాణం మీద చేసిన పనికి 1961లో నోబెల్ బహుమతి అందుకున్న శాస్త్రవేత్త ఆయన. పక్కవాళ్ల గొంతు మాత్రం గాలిలోంచే వస్తుంది. బృందంలో పాడేవాడి చెవిలో ఈ రెండు ధ్వనులూ నిరంతరం పోటీపడుతూ ఉంటాయి.

స్టాక్‌హోమ్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో యోహాన్ సుండ్‌బెరి, స్టెన్ టెర్న్‌స్ట్రోమ్ కొన్ని దశాబ్దాల పాటు పాడే గొంతును శాస్త్రీయంగా కొలిచారు. సుండ్‌బెరి స్వయంగా కోయిర్‌లో ఏళ్ల తరబడి పాడినవాడు. తన గొంతు పక్కవాళ్ల గొంతులకన్నా ఎంత గట్టిగా వినపడితే గాయకుడికి సుఖంగా ఉంటుందో టెర్న్‌స్ట్రోమ్ కొలిచాడు. సగటున 6 డెసిబెల్స్ అని తేలింది. ఒక్కొక్కరికి కావలసింది ఒక్కోలా ఉంటుంది, కాని ఎవరి కోరిక వారికి స్థిరంగా ఉంటుంది. తన గొంతు బొత్తిగా వినపడకపోతే మనిషి శ్రుతి చూసుకోలేడు. తనది మాత్రమే వినపడితే కలవలేడు. వరసల్లో మనుషులను కాస్త ఎడంగా నిలబెడితే గాయకులు ఇష్టపడటానికి కారణం ఇదే.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. చుట్టూ చప్పుడు పెరిగితే మనకు తెలియకుండానే గొంతు పెంచుతాం. ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లొంబార్ 1911లో దీన్ని వివరించాడు, ఆయన పేరుతోనే పిలుస్తారు. పెళ్లిపందిట్లో మేళం మోగుతుంటే మాట్లాడేవాళ్లంతా అరవడం చూస్తాం. కోయిర్‌లోనూ ఒకరు గొంతు పెంచితే పక్కవాళ్లు, వాళ్లను చూసి ఆ పక్కవాళ్లు పెంచుతారు. కొన్ని క్షణాల్లో శ్రుతీ పోతుంది, గొంతులూ అలిసిపోతాయి. అయితే ఈ ప్రతిచర్యను తెలివిడితో అదుపు చేయవచ్చని గాయకుల మీద చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి. ముందే హెచ్చరిస్తే వాళ్లు గొంతు పెంచకుండా నిలబడగలిగారు.

కచేరీ గాయకుడి సాధనకూ కోయిర్ గాయకుడి సాధనకూ తేడా ఇక్కడే. ఒపేరాలో ఒంటరిగా పాడే మగ గాయకులు 3000 హెర్ట్‌జ్ పరిసరాల్లోని అనుస్వరాలను గుమిగూడేలా చేసి, మైకు లేకుండానే వాద్యబృందం మీదుగా గొంతు వినిపిస్తారు. అదే మనుషులను కోయిర్‌లో నిలబెట్టి కొలిస్తే ఆ శిఖరం తగ్గింది, కింది అనుస్వరాలు బలపడ్డాయి. విడిగా వినపడటానికి నేర్చిన విద్యను విడిగా వినపడకుండా ఉండటానికి వాళ్లు పక్కన పెడుతున్నారు. స్వరాన్ని సెకనుకు ఐదారుసార్లు ఊపే ఒపేరా కంపనాన్ని కూడా కోయిర్‌లో బాగా తగ్గిస్తారు.

రిహార్సల్లో ఎక్కువ సమయం తినేది అచ్చులు. ఒకరు ‘ఆ’ ను నోరు బాగా తెరిచి పలికి, ఇంకొకరు ‘ఓ’ వైపు గుండ్రం చేస్తే శ్రుతి సరిగ్గా ఉన్నా వినేవాళ్లకు కలవనట్టే ఉంటుంది, ఎందుకంటే బలపడిన అనుస్వరాలు వేరు. పాట చివర వచ్చే హల్లులూ అంతే. నూరుమంది ‘స్’ ను నూరు క్షణాల్లో వదిలితే పాములు బుసకొట్టినట్టు ఉంటుంది. దీనికి శబ్దవేగం కూడా తోడవుతుంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. వేదిక ఈ చివర నుంచి ఆ చివరకు 20 మీటర్లు ఉంటే దాదాపు 58 మిల్లీసెకండ్లు పడుతుంది. ఆ చివరివాళ్లను విని అందుకోవాలని చూస్తే ఎప్పుడూ వెనకబడే ఉంటారు. అందుకే శ్రుతికి చెవి, లయకు కన్ను. నిర్వాహకుడి చెయ్యి అందరికీ ఒకే క్షణంలో కనపడుతుంది.

‘నాకు పాట రాదు’ అనేవాళ్లకు

ఈ మాట అన్ని దేశాల్లోనూ వినపడుతుంది. పుట్టుకతోనే స్వరాల తేడా పోల్చుకోలేనివాళ్లు ఉన్న మాట నిజమే. కెనడాలో ఇసబెల్ పెరెట్జ్ బృందం ఏళ్ల తరబడి దీని మీదే పనిచేసింది. పాత అంచనా నూటికి నలుగురు. 2017లో వేలమందిని పరీక్షించి సవరించిన అంచనా ఒకటిన్నర శాతం. మిగిలినవాళ్లకు చెవి ఉంది. చెవి చెప్పినదాన్ని గొంతు అందుకోవడంలోనే తడబాటు, అది సాధనతో చాలావరకు సర్దుకుంటుంది. చిన్నప్పుడు బడిలో ఎవరో ‘నువ్వు నోరు ఊరికే కదుపు’ అన్నందుకు జీవితాంతం పాట మానేసినవాళ్లు ఎంతోమంది. ఆ అన్యాయం సరిదిద్దడానికి అందరికీ తలుపు తెరిచిన బృందాలకంటే మంచి చోటు నాకు తెలియదు. పక్కన గట్టి గొంతు ఉంటే తడబడే గొంతుకు దారి దొరుకుతుంది.

ఊపిరి, గుండె

పాడటమంటే ఊపిరిని నియమించడం. గబుక్కున పీల్చి, నెమ్మదిగా వదలాలి. ఊపిరి పీల్చేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. వేగస్ నాడి దీన్ని నడిపిస్తుంది. అంటే ఒకే పాట పాడుతూ ఒకేచోట ఊపిరి తీసుకునేవాళ్ల గుండెల వేగం కూడా కలిసి పెరిగి, కలిసి తగ్గాలి. స్వీడన్‌లోని యోటెబొరి విశ్వవిద్యాలయంలో బ్యోర్న్ విక్‌హాఫ్ బృందం 2013లో ఇదే కొలిచి చూసింది. పద్దెనిమిదేళ్ల వయసున్న పదిహేనుమంది చేత మొదట ఎవరికి తోచినప్పుడు వాళ్లు ఊపిరి తీసుకుంటూ ఒకే స్వరం మూగనోటితో పట్టించారు. తరవాత ఒక చర్చి కీర్తన, ఆ తరవాత పంక్తికొకసారి ఊపిరి తీసుకునే నెమ్మదైన మంత్రంలాంటి పాట పాడించారు. పాటలో ఊపిరి స్థానాలు ఎంత స్పష్టంగా ఉంటే గుండెవేగాలు అంతగా కలిశాయి.

ఇటలీ వైద్యుడు లుచియానో బెర్నార్ది 2001లో ప్రచురించిన పరిశోధన దీనికి ముందుమాటలాంటిది. లాటిన్‌లో జపమాల ప్రార్థన, టిబెటన్ బౌద్ధుల మంత్రం, రెండూ ఊపిరిని నిమిషానికి సుమారు ఆరుకు తెస్తాయని ఆయన కొలిచాడు. ఆ వేగంలో గుండె, రక్తపోటుల సహజ లయలు బలపడతాయి.

లాలాజలంలో రోగనిరోధక ప్రోటీన్లు పెరిగాయని, నొప్పిని ఓర్చుకునే శక్తి పెరిగిందని చెప్పే పరిశోధనలు కూడా ఉన్నాయి. వాటిలో చాలావాటిలో మనుషుల సంఖ్య తక్కువ, కొలిచినది పాట ముందూ వెనకా కొద్ది గంటలే. వాటిని చూసి పాటను మందుగా రాసివ్వడం తొందరపాటు. నాకు ఎక్కువ నమ్మకం కలిగించినది వేరొకటి. బ్రిటన్‌లో ఐలునెడ్ పియర్స్, జాక్ లానే, రాబిన్ డన్బర్ 2015లో ప్రచురించిన అధ్యయనం అది. వయోజనుల సాయంకాలపు తరగతుల్లో కొత్తగా చేరినవాళ్లను ఏడు నెలలు గమనించారు. కొన్ని తరగతుల్లో పాట, కొన్నిటిలో చేతిపనులు, కొన్నిటిలో రచన. ఏడు నెలల చివర్లో అన్ని తరగతులవాళ్లూ తమలో తాము సమానంగానే దగ్గరయ్యారు. కాని పాట తరగతివాళ్లు మొదట్లోనే, మిగతావాళ్లకంటే త్వరగా దగ్గరయ్యారు. ఒకరిపేరు ఒకరికి తెలియకముందే పాట అపరిచితులను కలుపుతుంది. సెప్టెంబరులో ఊరుకాని ఊరు వచ్చిపడిన విద్యార్థికి కావలసింది అదే.

మౌంట్ వెర్నన్

ఊపిరి పంచుకోవడంలోని అపాయం కూడా కోయిర్ ద్వారానే ప్రపంచానికి తెలిసింది. 2020 మార్చి 10న వాషింగ్టన్ రాష్ట్రంలోని మౌంట్ వెర్నన్‌లో స్కాజిట్ వ్యాలీ కొరాల్ అనే ఊరి బృందం రెండున్నర గంటలు రిహార్సల్ చేసింది. వచ్చినవాళ్లు 61 మంది. వాళ్లలో ఒకరికి జలుబు లక్షణాలు ఉన్నాయి. తరవాత లెక్కతేలిన కోవిడ్ కేసులు 53, వీటిలో 33 పరీక్షలో నిర్ధారణ అయినవి, 20 లక్షణాలను బట్టి గుర్తించినవి. ఇద్దరు చనిపోయారు. తుమ్ములూ దగ్గుల తుంపరలే కాదు, గాలిలో చాలాసేపు తేలే సూక్ష్మ బిందువుల ద్వారా కూడా కోవిడ్ పాకుతుందని నమ్మించిన ఆధారాల్లో ఈ సంఘటన ముఖ్యమైనది. గట్టిగా పాడేకొద్దీ ఆ బిందువులు ఎక్కువ వెలువడతాయి. ఆ తరవాత ప్రపంచంలోని కోయిర్లు చాలావరకు మూగబోయాయి. మళ్లీ తెరిచినప్పుడు మాస్కులు కట్టుకుని, కిటికీలు తెరుచుకుని, ఎడంగా నిలబడి పాడారు. గది గాలి ఎంత వేగంగా మారుతోందన్నది ఇప్పుడు బృంద నిర్వాహకులు అడగవలసిన ప్రశ్న.

మన దగ్గర

కలిసి పాడటం మనకు కొత్త కాదు. తిరువయ్యారులో ఏటా పుష్య బహుళ పంచమినాడు వందలమంది ఒక్కటిగా పాడే పంచరత్న కీర్తనల్లో నాలుగు తెలుగువే. గుడి భజనలు, బుర్రకథ వంత, చర్చి కీర్తనలు ఉండనే ఉన్నాయి. నాలుగు భాగాల పాశ్చాత్య పద్ధతి మన నేలకు మిషనరీల చర్చిలతో వచ్చింది, కొన్ని చర్చిల్లో ఇప్పటికీ చక్కగా వినపడుతుంది. చిత్తూరులో పుట్టిన సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్ 1970ల మొదట్లో మద్రాస్ యూత్ కోయిర్ స్థాపించి, మతంతో సంబంధం లేని బృందగానాన్ని అనేక భారతీయ భాషల్లో పాడించాడు.

మనకు తక్కువగా ఉన్నది, విద్యార్థులూ ఊరివాళ్లూ కులమతాలతో నిమిత్తం లేకుండా ఏటా కలిసి పాడే స్థిరమైన చోటు. మన విశ్వవిద్యాలయాల్లో సంగీత శాఖలు ఉన్నాయి, సాయంత్రాలు ఖాళీగా ఉండే హాళ్లు ఉన్నాయి, చుట్టూ పాడాలని కోరిక ఉన్న జనం ఉన్నారు. ఆన్ ఆర్బర్‌లో దీన్ని మొదలుపెట్టినవాడు ఒక లాటిన్ ప్రొఫెసర్. మన దగ్గర తెలుగు ప్రొఫెసరో భౌతికశాస్త్రం లెక్చరరో మొదలుపెట్టవచ్చు. కిటికీలు బాగా ఉన్న గది, వారానికొక సాయంత్రం, పాట తెలిసిన ఒక నిర్వాహకుడు, వినడానికి సిద్ధపడ్డ ముప్పై నలభై మంది, ఇంతమాత్రం చాలు. మీ ఊళ్లో విశ్వవిద్యాలయం ఉంటే వెళ్లి అడగండి. లేదంటే మీరే పిలవండి.